నైరోబీ సిగ్నల్ దగ్గర రోజూ కనిపించే పిల్లాడు: డబ్బులివ్వాలా, హోమ్‌కి పంపాలా, అసలేం చేయాలి?

సుజాత, అల్వాల్:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. మా చెల్లి, మరిది పోయినేడాది ఉద్యోగం మీద కెన్యాలోని నైరోబీ వెళ్ళారు. పాపని స్కూల్లో దింపే దారిలో ఒక సిగ్నల్ దగ్గర రోజూ ఒక పిల్లాడు వీళ్ళ కారు అద్దం దగ్గరికి వస్తాడట, తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి, ఎవరో పెద్దాయన కోటు వేసుకుని ఉంటాడు, చేతులు ఆ కోటు లోపలే ఎక్కడో ఉండిపోతాయి, పెదవుల మధ్య చిన్న ప్లాస్టిక్ సీసా వేలాడుతుంటుంది, మాట్లాడేటప్పుడు కూడా తియ్యడు. మా చెల్లి మొదట్లో ఏ జ్యూస్ సీసానో అనుకుంది. అది చెప్పులు అతికించే గమ్ అని డ్రైవర్ చెప్పాక ఆ రోజంతా అన్నం తినలేకపోయిందట.

అప్పట్నుంచి వాడి కోసం చపాతీలు చుట్టి తీసుకెళ్తోంది. పోయిన నెల నాలుగు రోజులు కనపడలేదు. ఐదో రోజు గుండుతో వచ్చాడు, ఒక చెవి వాచిపోయి ఉంది. ఎవరో బండిలో ఎక్కించుకుపోయి కొట్టి వదిలేశారు అని మాత్రం చెప్పాడు.

ఇప్పుడు మా ఫ్లాట్స్ ఆడవాళ్ళ గ్రూపులో ఈ సంగతి చెప్తే అందరూ కలిసి 40 వేలు పోగేశారు. చెల్లికి ఎవరో ఒక హోమ్ ఫోటోలు పంపారు, దానికి పంపిద్దామని ఆలోచన. కానీ నాకు మనసొప్పట్లేదు, ఎందుకో కూడా సరిగ్గా చెప్పలేను. ఆ పిల్లాడిని ఆ హోమ్‌లో పెట్టేస్తే సరిపోతుందా? సిగ్నల్ దగ్గర డబ్బులివ్వడం మంచిదా కాదా? అక్కడ ఈ పిల్లల కోసం చట్టాలున్నాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రవి, ఈసీఐఎల్:

తప్పుగా అనుకోకండి మేడమ్, మన సికింద్రాబాద్ స్టేషన్ బయట, ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఇదే పరిస్థితిలో ఎంతమంది లేరు? పంక్చర్ సొల్యూషన్ గుడ్డ ముక్కలో పోసుకుని పీల్చే పిల్లల్ని నేను రోజూ చూస్తా. ఆ 40 వేలు ఇక్కడ పెడితే మన కళ్ళ ముందే ఉపయోగపడుతుంది కదా.

సుజాత, అల్వాల్:

రవి గారూ, తప్పుగా ఏమీ అనుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ స్టేషన్ పక్కనుంచి పదిహేనేళ్ళుగా వెళ్తున్నా, ఒక్కసారి కూడా ఆగలేదు. మా చెల్లి అక్కడ ఆ పిల్లాడి గురించి చెప్పాకే ఇక్కడ వాళ్ళు నాకు కనపడటం మొదలైంది. అందుకే రెండూ వేరు వేరు అనిపించట్లేదు. ఇక్కడి గురించి కూడా చెప్పండి, వింటాను.

ప్రసాద్, కూకట్‌పల్లి:

సుజాత గారూ, నేను నైరోబీలో తొమ్మిదేళ్ళు ఉన్నా, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్లాస్టిక్ కంపెనీలో ప్రొడక్షన్ చూసేవాణ్ణి. ఆ గమ్ సంగతి ముందు చెప్తా, ఎందుకంటే దాన్ని చూసే మనవాళ్ళు దొంగలు, తాగుబోతులు అని ముద్ర వేసేస్తారు. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మన హైదరాబాద్ కంటే మూడింతలు ఎత్తు. జూలై రాత్రుళ్ళు మనలాంటివాళ్ళకి దుప్పటి మీద దుప్పటి కావాలి. ఆ చలిలో షాపు మెట్ల మీద అట్టపెట్టె పరుచుకుని ఖాళీ కడుపుతో పడుకోవాలంటే పిల్లాడికి ఏం దారుంది చెప్పండి, గమ్ పీలిస్తే ఆకలి తెలీదు, చలి తెలీదు, భయం కూడా తెలీదు. తిండికన్నా తేలిగ్గా దొరుకుతుంది. కానీ మెదడు, ఊపిరితిత్తులు రెండూ పాడైపోతాయి, నేను చూస్తుండగానే ఒక కుర్రాడు రెండేళ్ళలో సరిగ్గా నడవలేని స్థితికి వచ్చాడు.

ఇంకోటి, మీ చెల్లి గారికి చెప్పండి, అక్కడ జనం వీళ్ళని చొకోరా అంటారు. చెత్తలో కెలుక్కునేవాడు అనే అర్థంలో వాడతారు. ఎంత మామూలుగా అనేస్తారంటే మనవాళ్ళు కూడా వెళ్ళిన నెలకే అలవాటు చేసుకుంటారు. దయచేసి ఆ మాట ఇంట్లో వాడొద్దు, పాప ముందు అసలే వద్దు.

పిల్లలు ఒంటరిగా ఉండరు, గుంపుగా ఉంటారు, వాళ్ళు పడుకునే చోటుని బేస్ అంటారు. ప్రతి బేస్‌కీ పెద్ద కుర్రాళ్ళు ఉంటారు, వాళ్ళే కాపాడతారు, వాళ్ళే కొడతారు, పగలంతా ఏరిన ఇనుము, ప్లాస్టిక్ అమ్మిన డబ్బుల్లో వాటా కూడా వాళ్ళదే. 2018లో కెన్యా ప్రభుత్వం వీధుల్లో బతికేవాళ్ళని దేశమంతా లెక్కపెట్టింది, 46 వేల పైచిలుకు మంది తేలారు, పిల్లలే కాదు, అక్కడే పుట్టి పెరిగి అక్కడే పిల్లల్ని కన్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. పేపర్లో కోట్లు లక్షలు అని రాసేవి చూసి బెదిరిపోకండి, ప్రపంచంలో వీధి బాలలు పది కోట్లు అని ఎప్పట్నుంచో తిరుగుతున్న అంకెకి ఎవరూ తలలు లెక్కపెట్టిన ఆధారం లేదు. ఎదురుగా ఉన్నది ఒక పిల్లాడు, వాడికి ఒక బేస్ ఉంది, అక్కడ ఇంకో పదిమంది ఉంటారు, అక్కడ్నుంచి మొదలుపెట్టాలి.

అక్కడ పిల్లల హెల్ప్‌లైన్ నంబర్ 116. ఫోన్లో సేవ్ చేసుకోమనండి.

లాయర్ అనూరాధ, నాంపల్లి:

చట్టం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. ముందు ఒక్క మాట, ఆఫ్రికా అంటే ఒక దేశం కాదండీ, 54 దేశాలు, ఒక్కోచోట పిల్లలు రోడ్డు మీదికి వచ్చే కారణం ఒక్కోటి. కానీ అందరికీ కలిపి ఒక ఒప్పందం ఉంది, ఆఫ్రికా బాలల హక్కులు, సంక్షేమ చార్టర్. 1990లో అడిస్ అబాబాలో ఆమోదించారు, 1999 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. ఐక్యరాజ్య సమితి 1989లో చేసిన బాలల ఒడంబడికలో లేని కొన్ని మాటలు ఇందులో సూటిగా ఉన్నాయి, ఉదాహరణకి 29వ ఆర్టికల్‌లో పిల్లల్ని ఏ రూపంలోనైనా అడుక్కోడానికి వాడటాన్ని అడ్డుకోవాలని రాశారు. ఈ చార్టర్ అమలు చూడటానికి ఒక నిపుణుల కమిటీ ఉంది, ఎవరైనా, ఏ సంఘమైనా పిల్లల తరఫున దానికి ఫిర్యాదు చేయొచ్చు.

ఇది కాగితం మీదే ఉందా అంటే పూర్తిగా కాదు. ఆ కమిటీ మొట్టమొదటి తీర్పు 2011లో మీ చెల్లి ఉంటున్న కెన్యా మీదే. అక్కడ తరతరాలుగా ఉంటున్న నూబియన్లు అనే వాళ్ళ పిల్లలకి పుట్టిన రిజిస్ట్రేషన్ సరిగ్గా చేయక, పౌరసత్వం తేల్చక వదిలేశారని కేసు. కెన్యా తప్పు చేసిందని తేల్చారు. పుట్టిన కాగితం లేని పిల్లాడంటే ప్రభుత్వం దృష్టిలో లేని పిల్లాడే కదా, మన దగ్గర ఆధార్ లేదని స్కూల్ అడ్మిషన్ ఆగిపోయిన పిల్లల్ని నేనే చూశా, అక్కడా అంతే.

ఇంకో కేసు పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ మీద. ఇది వివరంగా చెప్పాలి. అక్కడ ఊళ్ళలో తల్లిదండ్రులు కొడుకుల్ని ఖురాన్ చదువు కోసం దారా అనే బడికి, మరబూ అనే గురువు దగ్గరికి పంపుతారు. ఆ పిల్లల్ని తాలిబే అంటారు, విద్యార్థి అని అర్థం అంతే. అది వందల ఏళ్ళ గౌరవమైన సంప్రదాయం, ఇప్పటికీ పిల్లల్ని ప్రేమగా చూసుకుని చదువు చెప్పే గురువులు చాలామంది ఉన్నారు, మతాన్ని నిందించడానికి ఇందులో ఏమీ లేదు. ఒకప్పుడు పిల్లలు గురువు గారి పొలంలో పని చేసేవాళ్ళు, ఆ పంటే అందరికీ తిండి. 1970ల్లో కరువులు వచ్చాక దారాలు ఊళ్ళు వదిలి డాకర్ లాంటి పట్నాలకి వచ్చాయి, పట్నంలో పొలం ఎక్కడిది, పిల్లలే ఆదాయం అయిపోయారు. చేతిలో టమాటా డబ్బా పట్టుకుని పొద్దున్నుంచి తిరగాలి, రోజుకి ఇంత డబ్బు, ఇంత బియ్యం, ఇంత చక్కెర అని లెక్క, తక్కువైతే దెబ్బలు. 2013 మార్చిలో డాకర్ మదీనా పేటలో ఒక దారాలో రాత్రిపూట మంటలొచ్చి కనీసం ఎనిమిది మంది పిల్లలు కాలిపోయారు, ఒకే గదిలో కిక్కిరిసి పడుకున్న పిల్లలు.

పిల్లలతో అడుక్కోబెట్టి సంపాదిస్తే జైలు అని సెనెగల్‌లో 2005లోనే చట్టం ఉంది. అమలు మాత్రం లేదు. ప్రిటోరియా యూనివర్సిటీ మానవ హక్కుల కేంద్రం, సెనెగల్ వాళ్ళ సంఘం ఒకటి కలిసి కమిటీకి వెళ్తే 2014లో తీర్పు వచ్చింది, పిల్లల్ని కాపాడటంలో సెనెగల్ విఫలమైందని, దారాలకి ప్రమాణాలు పెట్టి తనిఖీ చేయాలని. 2016లో అధ్యక్షుడు పిల్లల్ని వీధుల్లోంచి తీసేయమని ఆదేశించారు, వందల మందిని తీశారు, చాలామందిని మళ్ళీ ఆ గురువుల దగ్గరికే అప్పగించారు, వాళ్ళు మళ్ళీ డబ్బాలిచ్చి పంపారు. కేసు గెలవడం ఒక ఎత్తు, గెలిచాక ఆ పిల్లాడు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది ఇంకో ఎత్తు. మన జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కూడా అంతే, పిల్లలతో అడుక్కోబెడితే ఐదేళ్ళ వరకు జైలు, లక్ష జరిమానా అని 76వ సెక్షన్‌లో ఉంది, సిగ్నల్ దగ్గర ఆగి చూడండి ఎంతవరకు అమలవుతోందో.

అక్కడ ఇంకో సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. డాకర్‌లో కొందరు ఆడవాళ్ళు ఒక్కో తాలిబే పిల్లాడిని ఇంటి పిల్లాడిలా చూసుకుంటారు, అన్నం పెడతారు, బట్టలుతుకుతారు, జ్వరమొస్తే మందిప్పిస్తారు. వాళ్ళకి అక్కడ ఒక పేరు కూడా ఉంది, న్దేయ్ దారా, అంటే దారా అమ్మ. మీ చెల్లి చపాతీల సంగతి చదివితే అదే గుర్తొచ్చింది.

మాధవి, మెట్టుగూడ:

సుజాత అక్కా, నేను సికింద్రాబాద్ స్టేషన్‌లో పిల్లలతో పనిచేసే ఒక సంస్థలో పన్నెండేళ్ళుగా ఫీల్డ్‌లో ఉన్నా. మీకు మనసెందుకు ఒప్పట్లేదో నాకు అర్థమైంది. ఫోటోల్లో చూసి హోమ్‌కి పంపించేస్తే పిల్లాడు రోడ్డు మీద కనపడడు, మనకి ప్రశాంతంగా ఉంటుంది. కానీ వాడి సంగతి ఏమైందో తెలీదు. ఇంకోటి, రోడ్డు మీద ఉన్న పిల్లలందరూ అనాథలు అనుకుంటాం కదా, మా రిజిస్టర్‌లో ఎక్కువమందికి అమ్మో నాన్నో ఎవరో ఒకరు ఉన్నారు. ఆఫ్రికాలోనూ అంతే అని ఆ పని చేసేవాళ్ళు చెప్తారు. ఉన్న ఇంట్లో ఉండలేక వచ్చినవాళ్ళు. కాంగోలో కిన్షాసాలో అయితే ఇంట్లో ఎవరైనా చనిపోతే, వ్యాపారం దెబ్బతింటే పిల్లాడికి మంత్రశక్తి ఉందని నెపం పెట్టి వెళ్ళగొడతారు, ముఖ్యంగా తల్లి పోయి సవతి తల్లి ఉన్న ఇళ్ళలో. అలా అనడమే నేరం అని 2009లో చట్టం చేయాల్సి వచ్చింది. మన ఊళ్ళలో బాణామతి అని మనుషుల్ని కట్టేసి కొట్టినవాళ్ళం, మనకి అది కొత్తేం కాదు.

బండిలో ఎక్కించుకుపోవడం గురించి. పెద్ద మీటింగులు, పెద్దవాళ్ళ రాకలు ఉన్నప్పుడు పట్నాలు ఇదే చేస్తాయి. రువాండాలో కిగాలీలో గికొండో అనే సెంటర్‌లో వీధి పిల్లల్ని తెచ్చి పడేస్తున్నారని ఏళ్ళ తరబడి గొడవ, 2020లో ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల కమిటీ దాన్ని మూసేయమని చెప్పింది. మన హైదరాబాద్‌లో 2017 నవంబర్‌లో అంతర్జాతీయ సదస్సు ముందు అడుక్కోవడం నిషేధించి అందర్నీ తరలించారు, గుర్తుందా. అదే సంవత్సరం అదే ఐక్యరాజ్య సమితి కమిటీ వీధి పిల్లల గురించి ప్రత్యేకంగా ఒక పత్రం తెచ్చింది, 21వ జనరల్ కామెంట్ అంటారు. దానికోసం 32 దేశాల్లో 327 మంది పిల్లల్ని, యువకుల్ని అడిగారు. మమ్మల్ని ఎత్తుకుపోవద్దు, మాతో మాట్లాడండి, మర్యాదగా చూడండి అన్నదే ఆ పత్రం నిండా ఉంటుంది.

మాట్లాడటం అంటే ఎంత టైం పడుతుందో చెప్తా. ఒక పిల్లాడు ప్లాట్‌ఫామ్ మీద కుళాయి దగ్గర కూర్చునేవాడు, మోకాలి కింద పుండు. నేను ఏమీ అడగలేదు, రోజూ ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తీసుకెళ్ళి కడిగి కట్టు కట్టి వచ్చేదాన్ని. మొదటి వారం పేరు మహేష్ అన్నాడు, తర్వాత పవన్ అన్నాడు, తర్వాత ఇంకేదో. పుండు మానిపోయింది. మానిపోయాక కూడా వచ్చి ప్యాంటు పైకి మడిచి ఇంకా నొప్పిగా ఉంది మేడమ్ అనేవాడు. నేనూ ఏమీ అనకుండా ఉత్త చర్మానికి దూది అద్ది కట్టు కట్టేదాన్ని. అసలు పేరు, ఊరు చెప్పడానికి రెండు నెలల పైన పట్టింది. చట్టం ప్రకారం మన దగ్గర దొరికిన పిల్లాడిని 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి, మేము పెడతాం కూడా, దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ సమితి ముందు నిలబడిన పిల్లాడు నిజం చెప్పాలంటే వాడికి తెలిసిన మొహం ఒక్కటైనా ఆ గదిలో ఉండాలి. ఇల్లెందుకు వదిలొచ్చాడో కనుక్కోకుండా ఇంటి దగ్గర దింపి వస్తే, మేము తిరిగొచ్చే రైల్లోనే వాడూ వచ్చేస్తాడు, నిజంగా జరిగింది ఇది.

రవి గారూ, సొల్యూషన్ పీల్చే పిల్లలు కనిపిస్తే 1098కి కాల్ చేయండి, ఫలానా చోట, ఇంత వయసు అని చెప్తే చాలు.

నర్సింగ్, మౌలాలి:

నమస్తే అక్క. నేను గిట్ల ఎప్పుడు రాయలే, ఇయ్యాల రాయాలనిపించింది. నేను పదేండ్లప్పుడు కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ల దిగిన. ఆరేండ్లు స్టేషన్లనే ఉన్న. ఇప్పుడు ఎలక్ట్రీషియన్ పని చేస్త, ఇద్దరు బిడ్డలు. డబ్బులియ్యాల్నా వద్దా అని అడిగిండ్రు గద, దానికి చెప్త.

మేము బోగీలు ఊడ్చి, బాటిల్లు ఏరి పొద్దుమూకే వరకు మంచిగనే సంపాదిస్తుంటిమి. కానీ రాత్రికి జేబుల రూపాయి ఉండద్దు. ఉన్నదంటే పండుకున్నంక పెద్ద పోరగాళ్ళు బ్లేడుతోని జేబు కోసి తీస్కుంటరు, ఒక్కోసారి తొడకు గూడ తాకుతది. అందుకే ఆ పూటకు ఆ పూట మొత్తం ఖర్చు, బిర్యానీ తినుడు, సెకండ్ షో సినిమా, మిగిలింది సొల్యూషన్. చూసేటోళ్ళు ఏమంటరు, వీళ్ళకు పైసల విలువ తెల్వదు అంటరు. మాకు దాచుకునే జాగ లేదు అక్క, గంతే.

మమ్మల్ని రెండు మూడుసార్లు హోమ్ల ఏసిండ్రు, గోడ దుంకి వచ్చినం. ఒకసారి స్టేషన్ పక్కకే ఒక గది తెరిచిండ్రు, రమ్మని ఎవ్వరు గుంజలే, తలుపు తెరిచి పెట్టిండ్రు, లోపల చిన్న చిన్న ఇనుప డబ్బాలు, ఒక్కొక్కరికి ఒక తాళంచెవి. నేను మెడల దారం ఏస్కొని ఆ తాళంచెవి కట్టుకున్న. మొదటి రోజు అందుల 30 రూపాయలు పెట్టిన, రాత్రి నిద్ర పట్టలే, పొద్దుగాల ఐదింటికే పోయి చూసిన, ఉన్నయి. గా 30 రూపాయలు తెల్లారి ఉన్నయి గద, రేపు అన్నది ఒకటి ఉన్నదని నాకు గప్పుడు తెలిసింది. తర్వాత నెలకు సొల్యూషన్ తగ్గింది, గది సారే నన్ను పని నేర్చుకునే కాడ పెట్టిండు.

గా దేశంల గూడ గసొంటి గది ఉంటది. దానికి ఇయ్యిండ్రి మీ పైసలు.

సరస్వతి, వికారాబాద్ (రిటైర్డ్ టీచర్):

నర్సింగ్ నాయనా, నీ మాటలు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

సుజాతమ్మా, నేనొక్క విషయం చెప్పాలి. పిల్లలు రోడ్డు మీదికి రాకముందు ఎక్కడో ఒక బడి రిజిస్టర్‌లోంచి పోతారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లాడు నెల రోజులు రాకపోతే లాంగ్ ఆబ్సెంట్ అని ఎర్ర ఇంకుతో పేరు కొట్టేసేవాళ్ళం. ఎంతమందిని కొట్టేశానో ఇప్పుడు తల్చుకుంటే చేయి వణుకుతుంది. 1991లో మన రంగారెడ్డి జిల్లాలోనే శాంతా సిన్హా గారి ఎం.వీ. ఫౌండేషన్ వాళ్ళు పని మొదలుపెట్టారు, బడిలో లేని ప్రతి పిల్లా పిల్లాడూ బాల కార్మికులే అని వాళ్ళ లెక్క, పేరు కొట్టేయొద్దు, ఇంటికి వెళ్ళి అడగండి అని మాతో పోట్లాడేవాళ్ళు. పని మాన్పించిన పిల్లల్ని కొన్నాళ్ళు క్యాంపులో చదివించి వయసుకి తగ్గ క్లాసులో కూర్చోబెట్టేవాళ్ళు. ఊరు మొత్తం కలిసి మా ఊళ్ళో పనిలో ఉన్న పిల్లాడు ఒక్కడూ లేడు అనేదాకా వదిలేవాళ్ళు కాదు. 2003లో ఆవిడకి మెగసెసె అవార్డు వచ్చింది. మీకు తెలియాల్సింది ఏంటంటే, ఆ పద్ధతి ఇక్కడ చూసి నేర్చుకుని ఉగాండా, ఇథియోపియా, జింబాబ్వే లాంటి దేశాల్లో బాల కార్మికులు లేని ప్రాంతాలు అని మొదలుపెట్టారు. ఆఫ్రికాకి మనం సాయం చేయడం అంటే డబ్బులు ఒక్కటే కాదు, మన జిల్లా వాళ్ళ పని అక్కడికి వెళ్ళింది, అది గర్వంగా చెప్పుకోవాలి. కెన్యాలో కూడా 2003 జనవరిలో ప్రాథమిక బడుల్లో ఫీజు తీసేస్తే ఒక్కసారిగా లక్షలమంది పిల్లలు వచ్చి చేరారు, ఫీజు కట్టలేకే ఇంతమంది బయట ఉన్నారని అప్పుడే కదా తెలిసింది.

సుజాత, అల్వాల్:

మూడు వారాలైంది, అందరికీ జవాబివ్వడం ఆలస్యమైంది, క్షమించండి. హోమ్‌కి డబ్బులు పంపలేదు. నర్సింగ్ తమ్ముడు రాసింది మా గ్రూపులో చదివి వినిపించాను. మా చెల్లి నైరోబీలో వెతికి పిల్లలు పగలు వచ్చి స్నానం చేసి తిని పడుకుని వెళ్ళే సెంటర్ ఒకటి కనుక్కుంది, రెండుసార్లు స్వయంగా వెళ్ళి చూసింది, బట్టలుతుక్కోవడానికి తొట్టి ఉంది, లాకర్లు లేవు. 40 వేల్లో కొంత వాటికే ఇచ్చాం, మిగిలింది ఇక్కడ స్టేషన్ దగ్గర పనికి ఇస్తున్నాం, మాధవి గారితో మాట్లాడాను, వచ్చే ఆదివారం నేనూ వస్తానని చెప్పాను.

ఆ పిల్లాడు సెంటర్‌కి నాలుగు రోజులు వస్తున్నాడు, మూడు రోజులు మానేస్తున్నాడు. సీసా ఇంకా వదల్లేదు, గేటు బయట గోడ సందులో పెట్టి లోపలికి వస్తాడు, వెళ్ళేటప్పుడు తీసుకుంటాడు. మొన్న శనివారం మా చెల్లితో తనకి షోషో ఉందని చెప్పాడట, అంటే నాయనమ్మో అమ్మమ్మో. బస్సులో మూడు గంటల దూరం. ఆవిడ దగ్గర ఎందుకు ఉండట్లేదో ఇంకా చెప్పలేదు. సెంటర్ వాళ్ళు తొందరపెట్టొద్దు అన్నారు, ముందు వాళ్ళు వెళ్ళి ఆవిడతో మాట్లాడి వస్తారట.